ట్రేలో తొలి బన్ను

“నేను వెయ్యలేదత్తయ్యా! అసలు ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా నాకు తెలీదు. దాచింది మీరేగా!”

కోడలి చేతిలో గరిట అలాగే ఉంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గానీ ఆ ఏడుపులో బాధకన్నా కోపమే ఎక్కువ.

“నువ్వు వెయ్యలేదు. నేను వెయ్యలేదు. మరి ఎవరు వేసినట్టు? గోడలు వేశాయా?” అత్తగారు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి రక్తపరీక్ష కాగితాన్ని గాల్లో ఆడించింది.

“పరీక్షే తప్పేమో.”

“రెండు చోట్ల చేయించాం. ఇద్దరూ కూడబలుక్కుని తప్పు రాశారంటావా?”

కాగితం కోడలు కూడా చూసింది. మూడు నెలల షుగరు సగటు ఇంచు కూడా దిగలేదు. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అయితే దిగకపోగా పైకెక్కి కూర్చుంది. మధ్యాహ్నం డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “ఇంట్లో ఏం తింటున్నారో నాకు తెలీదు గానీ, ఇదే వరస అయితే ఆయన్ని డయాలసిస్ మిషన్‌కి అప్పజెప్పాల్సి వస్తుంది,” అంది. అప్పట్నించీ అత్తగారు కుతకుత ఉడికిపోతూనే ఉంది.

ఇంట్లో ఏం తింటున్నారో! ఆ మాట ఇంకెవర్నన్నా అనొచ్చు గానీ తూకాలమ్మని అనొచ్చా?

అత్తగారికి తూకాలమ్మ అన్న పేరు పెట్టింది ఆవిడ సొంత తమ్ముడే. భర్తకి షుగరుతో పాటు కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయని తెలిసిన రోజున ఆవిడ ఏడవలేదు. బజారుకెళ్ళి చిన్న తూకం మిషన్ కొనుక్కొచ్చింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో తూకం ఎక్కకుండా పళ్ళెంలోకి దిగింది లేదు. అన్నం తూచాలి, గుడ్డు తెల్లసొన తూచాలి, కూర తూచాలి. తాగే నీళ్ళకి కూడా ఒక సీసా పెట్టింది. ఆ సీసా ఖాళీ అయితే ఆ రోజుకి నీళ్ళు ఖాళీ అయినట్టే.

బంగాళాదుంప మీద ఆవిడ చేసే దాడి చూసి తీరాల్సిందే. పొటాషియం కిడ్నీకి పడదని డాక్టరమ్మ చెప్పినప్పట్నించీ ఆ పేరు వింటేనే ఆవిడకి ఒళ్ళు మంట. దుంపని సన్నగా తరిగి, నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి, ఆ నీళ్ళు కూడా పారబోస్తే గానీ పోపు పెట్టనిచ్చేది కాదు. షుగరుకి మంచిదన్న పండు కిడ్నీకి పనికిరాదు. కిడ్నీకి పర్లేదన్న తెల్లన్నం షుగరుకి పనికిరాదు. ఇద్దరత్తల మధ్య కొత్తకోడల్లా తయారైంది ఆవిడ వంట. ఆ మధ్య ఎవరో చెప్పారని ‘ఆరోగ్యానికి మంచి ఉప్పు’ ఒకటి తెస్తే, అందులో ఉన్నదంతా పొటాషియమేనని తెలిసి డాక్టరమ్మ చివాట్లు పెట్టింది. ఆ ప్యాకెట్టు నేరుగా చెత్తబుట్టలోకి వెళ్ళింది. మామూలు ఉప్పు డబ్బా అజ్ఞాతంలోకి వెళ్ళింది.

“ఆయనొక్కరికే చప్పిడి కూడు పెట్టి, పక్కన కూర్చుని మనం లొట్టలేసుకుంటూ తింటామా?” అని ఇంటిల్లిపాదికీ అదే వంట ఖాయం చేసింది. లారీ తోలే కొడుకు అప్పుడప్పుడూ రోడ్డు మీద రుచిగా తినొస్తాడు. పాపం కోడలికి ఆ దారీ లేదు.

ఇంత చేస్తే ఫలితం ఇదా?

“మామయ్యని అడగండి. బయట ఏమైనా తింటున్నారేమో,” అంది కోడలు ముక్కు ఎగబీలుస్తూ.

“ఆయనా? బయటా? ఇంట్లోంచి బేకరీకి, బేకరీలోంచి ఇంటికి. ఇంకో దారి తెలీదు ఆయనకి.”

ముందుగదిలో కుర్చీలో కూర్చున్న మామగారు ఈ మాటలన్నీ వింటూనే ఉన్నాడు. పక్కవీధి బేకరీలో ఆయనే పెద్ద మేస్త్రి. ఆ చుట్టుపక్కల రొట్టె తినే ప్రతి ఇల్లూ ఆయన చేతి చలవతోనే తింటోంది. ఇంట్లో మాత్రం కోడలి మీద నింద పడుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. కాకపోతే కుడికాలు అదేపనిగా ఊగుతోంది.

అదుగో, ఆ క్షణంలో ఊడిపడ్డాడు తూకాలమ్మ తమ్ముడు. బేకరీ కౌంటర్ దగ్గర పనిచేసేది అతనే. మొహం వెలిగిపోతోంది.

“బావా! ఖాయమైంది! రేపు స్కూళ్ళ ఆటల పోటీలు. పిల్లలందరికీ సాయంత్రం బన్నులు మనవే! యజమాని గాల్లో తేలిపోతున్నాడు. మన బట్టీ పుట్టి ఇంత పెద్ద ఆర్డరు చూళ్ళేదు!”

“సరే సరే, పొద్దున మాట్లాడుకుందాం,” అని మేస్త్రి గబగబా లేచాడు.

“పొద్దున కాదు బావా, ఇప్పట్నించే పొట్ట ఖాళీ పెట్టుకో! అన్ని ట్రేలకి అన్ని తొలి బన్నులు! ఎలా తింటావో ఏమో!”

కోడలి గరిట నుంచి చుక్క నేలమీద పడింది.

“ఏం బన్నులు?” అంది తూకాలమ్మ. గొంతు చాలా మెత్తగా ఉంది. అది మెత్తబడిందంటే ప్రమాదమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

తమ్ముడు అక్క మొహం చూశాడు, బావ మొహం చూశాడు, నీళ్ళు నమిలాడు. కానీ అన్న మాట వెనక్కి రాదు కదా.

బేకరీలో అదొక ఆనవాయితీ. బట్టీలోంచి దిగిన ప్రతి ట్రేలో తొలి బన్ను మేస్త్రిది. ఆయన విరిచి, తిని, తలూపితేనే ఆ ట్రే కౌంటర్ మీదకి వస్తుంది. మేస్త్రి తల ఊగని ట్రేని యజమాని సైతం ముట్టుకోడు. దానికి తోడు కలిపిన ప్రతి ముద్దలో చిటికెడు పిండి, గిలక్కొట్టిన ప్రతి క్రీములో ఒక వేలు.

“అది తినడం ఎలా అవుతుంది?” మేస్త్రి గొంతు పెంచాడు. “రుచి చూడటం! నా పని అది!”

“కడుపులోకి పోతే తినడమే.”

“నువ్వు కూర రుచి చూస్తే భోంచేసినట్టా?”

“నేను అరచేతిలో చుక్క వేసుకుంటాను. కూర గిన్నె ఎత్తి తాగను!”

“గిల్లి చూస్తే చాలదా మామయ్యా?” అంది కోడలు. నింద తనమీంచి దిగిపోయేసరికి ఆమెకి ఎక్కడలేని ఓపిక వచ్చింది.

“చాలదు.” ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఇదివరకు గిల్లేవాడివే కదా బావా. ఈ మధ్యనే కదా మొత్తం—” తమ్ముడు ఏదో అనబోయి, బావ చూపు తగిలి ఆగిపోయాడు.

తూకాలమ్మ కూలబడింది. “నేనిక్కడ దుంపని నానబెట్టి, ఉడకబెట్టి, దాని ప్రాణం తీసి మీకు పెడుతున్నాను. ఆ పిల్లకి నోట్లోకి ముద్ద దిగక బుగ్గలు పీక్కుపోయాయి. మీరక్కడ బన్ను మీద బన్ను లాగిస్తున్నారు. ఇందాక నేను ఈ పిల్లని పట్టుకుని తిడుతుంటే కాలూపుకుంటూ కూర్చున్నారు! నోరెలా కట్టేసుకోగలిగారండీ?”

ఆ చివరి మాట ఆయనకి గట్టిగా తగిలింది. కోడలి వైపు చూడలేకపోయాడు.

“సరే. రేపట్నించి బేకరీలో పిండి రవ్వ కూడా నోట్లో వేసుకోను. నీ మీద ఒట్టు. చాలా?”

“చాలు.”

“చాలంటే చాలు.”

ఆ పూట మేస్త్రి పళ్ళెంలోంచి తల ఎత్తకుండా తిని లేచిపోయాడు. కోడలు మాత్రం మొదటిసారి తృప్తిగా తిన్నది.

పొద్దున తూకాలమ్మ ఎప్పటిలాగే ఇన్సులిన్ సూది వేసింది. షుగరు మొండికేసిందని డాక్టరమ్మ కిందటిసారే ఆ మోతాదు పెంచింది. మేస్త్రి ఆవిడ తూచి పెట్టిన రొట్టె తిన్నాడు, సీసాలోంచి నీళ్ళు తాగాడు, చెప్పులేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు, ఏదో అంటాడేమోనని ఆవిడ చూసింది. ఆయన ఏమీ అనకుండానే వెళ్ళిపోయాడు.

అలిగితే అలిగాడు, మాట మీద నిలబడితే చాలు అనుకుంది తూకాలమ్మ. చాన్నాళ్ళకి ఆవిడ మనసు తేలికపడింది. దొంగ దొరికాడు కదా! ఇక అంకెలు దిగకుండా ఎక్కడికి పోతాయి? ఆ ఉత్సాహంలో కోడలికి గుడ్డు వేయించి, ఎక్కడినుంచో ఉప్పు డబ్బా తీసి చిటికెడు చల్లి మరీ ఇచ్చింది. కోడలు నమ్మలేక రెండుసార్లు నాకి చూసుకుంది.

వంట సగంలో ఉండగా ఫోన్ మోగింది. తమ్ముడు.

“అక్కా, బావకి నీ మీద కోపం ఇంకా తగ్గినట్టు లేదు. పొద్దున్నించీ అందరి మీదా ఒంటికాలి మీద లేస్తున్నాడు. ఇప్పుడే నన్ను పట్టుకుని ‘ఎవర్రా నువ్వు?’ అన్నాడు.”

“ఎవర్రా నువ్వు అన్నారా?”

“వెటకారంలే.”

“చెమటలు పట్టాయా?”

“బట్టీ ముందు నిలబడితే చెమటలు పట్టక చలేస్తుందా అక్కా?”

“చేతులు? వణుకుతున్నాయా?”

తమ్ముడు గొంతు తగ్గించాడు. “ఇందాక ట్రే జారవిడిచాడు. ఎప్పుడూ లేదు.”

తూకాలమ్మకి పొద్దున వేసిన సూది గుర్తొచ్చింది. ఆ మోతాదు ఎందుకు పెరిగింది? షుగరు దిగడం లేదని. షుగరు ఎందుకు దిగలేదు? బన్నుల వల్ల. ఇవాళ బన్నుల్లేవు. మందు మాత్రం ఉన్నట్టే పడింది! పైగా నీరసించిన కిడ్నీలు ఆ మందుని ఓ పట్టాన ఒంట్లోంచి పోనివ్వవని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. షుగరు పాతాళానికి పోతోంది. బన్నులు మాన్పించింది తనే. సూది వేసిందీ తనే.

“తీపి పెట్టరా ఆయన నోట్లో! ఏదైనా సరే! ఇప్పుడే!”

“నువ్వేనా అక్కా మాట్లాడుతోంది?”

“పెట్టరా వెధవా!”

పొయ్యి ఆర్పిందో లేదో కూడా చూసుకోలేదు. చెప్పులు వేసుకోలేదు. కోడలు షుగరు చూసే మిషన్ పట్టుకుని వెనకాల పరుగు. అత్తాకోడళ్ళు అలా పరిగెత్తుతుంటే వీధిలో జనం ముక్కున వేలేసుకుని చూశారు.

బేకరీ వెనక వైపు గది వేడితో భగభగలాడుతోంది. గోడ పొడుగునా ఇనప అలమారల్లో ఖాళీ ట్రేలు, పిండి కలిపే పెద్ద మిషన్‌లో ఇంత ఎత్తున ముద్ద. పనివాళ్ళంతా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. మధ్యలో మైదా బస్తా మీద మేస్త్రి కూర్చున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. తమ్ముడు కేకు ముక్క పట్టుకుని బతిమాలుతున్నాడు. ఆయన పళ్ళు బిగించి తల అడ్డంగా ఊపుతున్నాడు.

“తినండి! నేనే చెబుతున్నాను, తినండి!” తూకాలమ్మ ఆయన భుజాలు పట్టుకుంది.

“ఒట్టు వేశాను.”

“ఒట్టు తీసేశాను!”

ఆయన ఆవిడని ఎగాదిగా చూశాడు. చూపు నిలవడం లేదు. “ఎవరమ్మా నువ్వు? మా ఆవిడయితే తినమనదు.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తూకాలమ్మకి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. బలవంతాన నోట్లో కుక్కుదామంటే కొట్టబోయాడు. ఎటు చూసినా పంచదార బస్తాలే ఉన్న గదిలో పంచదార లేక మనిషి పోయేలా ఉన్నాడు!

అప్పుడు తట్టింది ఆవిడకి. గబగబా ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, పంచదార దోసిలితో ఎత్తి పోసి కలిపింది. గరిటెలో తీసుకుంది. గొంతులో వణుకు తెలియకుండా, పనివాళ్ళు మాట్లాడే ధోరణిలో అడిగింది.

“మేస్త్రిగారూ, కేకు మీదకి పాకం పట్టాం. తీపి సరిపోయిందో లేదో మీరు చూస్తే గానీ దించం.”

ఆయన కళ్ళు గరిటె వైపు తిరిగాయి. ఒట్టు మర్చిపోయాడో, ఒట్టుకన్నా పని పాతదో గానీ, ఇన్నేళ్ళ అలవాటుతో నోరు దానంతటదే తెరుచుకుంది. గుటక వేశాడు.

“చాల్లేదు,” అన్నాడు విసుగ్గా.

“ఇప్పుడు చూడండి.”

“చాల్లేదు. ఇంకా వెయ్యి.”

“ఇప్పుడు?”

“పాకమేనా ఇది? నీళ్ళలా ఉంది.”

గిన్నె సగం అయ్యేసరికి చేతుల వణుకు తగ్గింది. ముప్పాతిక అయ్యేసరికి ఆయన రెప్పలు టపటపలాడించి తల పైకెత్తాడు.

“నువ్వెప్పుడొచ్చావు? కాళ్ళకి చెప్పులేవీ?”

తూకాలమ్మ గరిటె అక్కడ పారేసి ఆయన తల గుండెకి అదుముకుంది. అంతమంది ఎదుట ఏనాడూ చెయ్యని పని అది. కోడలు ఆయన వేలు రెండోసారి గుచ్చి మిషన్ చూసి, “పైకొస్తోందత్తయ్యా! పైకొస్తోంది!” అని గంతేసింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

కోడలు డాక్టరమ్మకి ఫోన్ కలిపింది. కాస్త రొట్టె తినిపించి కదలకుండా కూర్చోబెట్టమని, మాటిమాటికీ షుగరు చూస్తుండమని, సాయంత్రం తీసుకురమ్మని, తను చెప్పేదాకా ఇన్సులిన్ ముట్టుకోవద్దని ఆవిడ గట్టిగా చెప్పింది. “బన్నుల సంగతి ముందే చెప్పి ఉంటే మోతాదు పెంచేదాన్నే కాదు కదమ్మా!” అని కసిరింది కూడా.

ఇదంతా యజమాని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన మెల్లగా వచ్చి, గిన్నెలో మిగిలిన పాకంలో వేలు ముంచి నాలికకి రాసుకున్నాడు. తీపికి మొహం చిట్లించాడు. మేస్త్రి వైపు ఒక వింత చూపు చూశాడు గానీ ఏమీ అనలేదు.

“పెద్ద గండం తప్పింది. ఇక నువ్వు లేవకు మేస్త్రీ. ముద్ద తయారుగా ఉంది కదా, మావాళ్ళు బన్నులు చుడతారు. సాయంత్రం పిల్లలు మన కోసమే కూర్చుంటారు.”

మేస్త్రి తల చప్పున లేచింది. “ఉప్పు... వేశానా?”

పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ బేకరీలో ఉప్పు మేస్త్రి చేత్తోనే పడాలి. ఇంకొకరు ముట్టుకోరు.

“వేశారు,” అన్నాడొకతను.

“తర్వాత మళ్ళీ కూడా వేసినట్టున్నారు,” అన్నాడు ఇంకొకతను. “అడిగితే మీద పడ్డారు.”

యజమాని పిండి గిల్లి నోట్లో వేసుకున్నాడు. ఎప్పుడూ సిగరెట్టు పొగతో నిండి ఉండే నోరు అది. “బాగానే ఉంది.” తమ్ముడు చూశాడు. “ఏమో, కొంచెం... ఏమో!” తూకాలమ్మ కూడా ఒక చిటికెడు వేసుకుంది. వేసుకోగానే మొహం ముడుచుకుపోయింది.

“ఎక్కువైంది. బాగా ఎక్కువైంది. ఇది పిల్లలకి పెట్టకండి.”

యజమాని నవ్వాడు. “చెల్లెమ్మా, మీ ఇంట్లో ఉప్పు మొహం చూసి ఎన్నాళ్ళయింది? నీకు మామూలు ఉప్పే విషంలా ఉంటుంది.”

పనివాళ్ళు కూడా నవ్వారు. తూకాలమ్మకి కోపం వచ్చింది గానీ, అందులో నిజం ఉందేమోనన్న అనుమానమూ వచ్చింది. చప్పిడికి అలవాటుపడ్డ నాలిక ఎంత ఉప్పుని ఎంతగా చెబుతుందో ఎవరికి తెలుసు?

“మేస్త్రీ, నువ్వు చెప్పు. ఉంచమంటావా, పారెయ్యమంటావా?”

“ఒక్క నిమిషం,” అన్నాడు మేస్త్రి. భార్య భుజం పట్టుకుని లేచి సామాన్ల గదిలోకి నడిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

“ఏమిటండీ? పాకం తాగి నోరంతా తీపిగా ఉందా? నీళ్ళు పుక్కిలించండి, తెలుస్తుంది.”

“తెలీదు.”

“ఎందుకు తెలీదు?”

“నాకు చాలా రోజులుగా ఏ రుచీ తెలీడం లేదు.” ఆయన గోడకి ఆనుకున్నాడు. “ఏది నోట్లో పెట్టినా ఇనప ముక్క చప్పరించినట్టుంటుంది. మొదట్లో గిల్లితే చాలేది. తర్వాత చాల్లేదు. సగం బన్ను తింటే లీలగా తెలిసేది. తర్వాత మొత్తం తింటే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు అదీ లేదు. ఊరికే తినేసి తలూపుతున్నాను.”

తూకాలమ్మ ఆయన ఆశకొద్దీ తింటున్నాడనుకుంది. మనిషి ట్రే తర్వాత ట్రేలో తన నాలికని వెతుక్కుంటున్నాడని ఎలా అనుకుంటుంది? కిడ్నీ జబ్బు ముదిరితే నోటి రుచి పాడవుతుందని డాక్టరమ్మ ఒకసారి అననే అంది. చప్పిడి కూర పెట్టినా ఆయన పల్లెత్తు మాట అనకుండా తిని వెళ్ళిపోతుంటే, ఎంత మంచి మనిషి అని మురిసిపోయింది తను!

“నాకెందుకు చెప్పలేదు?”

“నాలిక పోయిన మేస్త్రిని బట్టీ ముందు ఎవరు నిలబడనిస్తారు? నాకింకో పని రాదు.” ఆయన కళ్ళు తడిశాయి. “రాత్రి నోరు కట్టేసుకున్నానన్నావు చూడు. ఏం చెప్పమంటావు?”

ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఏడుపు, కోపం, ప్రేమ అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి గానీ దేనికీ టైము లేదు. బయట యజమాని తలుపు కొడుతున్నాడు.

తూకాలమ్మ తలుపు తీసి గట్టిగా చెప్పింది. “మేస్త్రిగారు చూశారు. ఉప్పు ఎక్కువైందన్నారు. ఉప్పు లేకుండా ఇంకో ముద్ద కలిపి ఇందులో కలిపెయ్యమన్నారు.”

“ఆయన అన్నాడా, నువ్వన్నావా?”

“ఆయనే!”

యజమాని తలపంకించి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక పళ్ళెం ఉంది. పళ్ళెంలో రెండు చిన్న పిండి ముద్దలు.

“ఒకటి ఈ పెద్ద ముద్దలోది. ఇంకోటి పొద్దున కౌంటర్‌లో అమ్మే రొట్టెలకి కలిపినదాంట్లో మిగిలింది. ఏది ఏదో చెప్పు మేస్త్రీ. నువ్వు చెబితే ఇక మారుమాట లేదు.”

మేస్త్రి ఒక ముద్దలోంచి చిటికెడు తుంచి నోట్లో వేసుకుని నమిలాడు. ఆపైన రెండోది. గదిలో అందరి కళ్ళూ ఆయన దవడ మీదే ఉన్నాయి. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. తూకాలమ్మకి ఆయన చెవిలో చెప్పెయ్యాలని ఉంది. కానీ ఏది ఏదో ఆవిడకీ తెలీదు.

“నాకు తెలీడం లేదు సార్,” అన్నాడు మేస్త్రి, అందరికీ వినపడేలా. “ఉప్పెక్కువైందన్నది మా ఆవిడ. నన్ను కాపాడదామని నా పేరు చెప్పింది. నా నాలిక పోయి చాలా రోజులైంది.”

తమ్ముడు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనుషులు తలలు దించుకున్నారు. యజమాని పళ్ళెంలో మిగిలిన ముక్కలని తూకాలమ్మ వైపు తిప్పాడు.

“అయితే నువ్వు చెప్పమ్మా.”

వెనక్కి తగ్గితే ఆయన పరువు ఇక్కడితో సరి. తప్పు చెప్పినా అంతే. ఆవిడ మొదటి ముక్కలోంచి రవ్వంత తుంచి వేసుకుంది. నాలిక చివర చురుక్కుమంది. నీళ్ళు తాగి రెండోది వేసుకుంది. హాయిగా ఉంటుందనుకుంటే ఇదీ చురుక్కుమంది. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎవరైనా పాట వింటారు చూడండి, అలా కళ్ళు మూసుకుని నిలబడింది.

కళ్ళు తెరిచింది. “రెండూ ఒకటే.”

“ఏమిటి?”

“రెండూ ఒకే ముద్దలోవి. రెండిట్లోనూ ఉప్పెక్కువే. పొద్దుటి పిండి మీరసలు తేలేదు.”

యజమాని పళ్ళెం బల్లమీద పెట్టేశాడు. కాదని అనలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని ఒక్క అరుపు అరిచాడు. “ఏం చూస్తున్నారు? ఉప్పు లేని పిండి కలపండి! ఊ, మిషన్ తిప్పండి! సాయంత్రానికి బన్నులు దిగాలి!”

గది ఒక్కసారి కదిలింది. పిండి బస్తాలు లేచాయి, మిషన్ గిర్రున తిరిగింది. తమ్ముడు ఈల వేశాడు. కోడలు “అత్తయ్యా!” అంటూ ఆవిడని వాటేసుకుంది. బస్తా మీద కూర్చున్న మేస్త్రి, పొద్దున్నించీ మొదటిసారి భార్యని చూసి నవ్వాడు. ఇన్నాళ్ళూ తను తినిపించిన చప్పిడి కూడు ఇవాళ ఇలా అక్కరకొచ్చిందని తూకాలమ్మకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

యజమాని ఆవిడ దగ్గరికి వచ్చాడు. “చెల్లెమ్మా, నువ్వు మిషన్ దగ్గర నిలబడు. నువ్వు సరే అన్నాకే పిండి దింపుతారు. ఈ పని అయ్యాక ఒక మాట మాట్లాడాలి.”

“అలాగే సార్, మాట్లాడదాం,” అన్నాడు మేస్త్రి లేవబోతూ.

“నీతో కాదు మేస్త్రీ,” అన్నాడు యజమాని అటు చూడకుండానే. “ఆవిడతో.”

మేస్త్రి మొహంలో నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా గెలిచాననుకున్న తూకాలమ్మకి, తను గెలుచుకున్నది ఆయన చోటేనేమోనని అప్పుడు తట్టింది.